స్ట్రిప్ లేని బిళ్ళ దొరికితే అదేమిటో గుర్తుపట్టడం ఎలా: మొదటి నుంచి చివరి దాకా

చెన్నైలో మందుల షాపు కౌంటర్ వెనక నిలబడే నాలాంటివాళ్ళకు ఈ ప్రశ్న బాగా అలవాటు. అరచేతిలో ఒక తెల్ల బిళ్ళ పెట్టి "అన్నా, ఇది బీపీదా షుగర్‌దా చూసి చెప్పు" అంటారు. పెరంబూరు, వ్యాసర్పాడి వైపు ఉండే తెలుగు పెద్దవాళ్ళు, గ్రీమ్స్ రోడ్డు ఆసుపత్రుల్లో చూపించుకోవడానికి నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో వచ్చి లాడ్జీల్లో దిగినవాళ్ళు, అమెరికాలో ఉన్న కొడుకు పంపిన డబ్బా పట్టుకొచ్చేవాళ్ళు, అందరూ అడిగేది ఇదే.

చూసి చెప్పేయగలిగితే బాగుండేది. కానీ మన దేశంలో ప్రతి బిళ్ళ మీదా ఏదో ఒక గుర్తు ఉండి తీరాలన్న నియమం లేదు. వేసే కంపెనీలు వేస్తాయి, మిగతా బిళ్ళల మీద మధ్యలో ఒక గీత, అది కూడా లేకపోతే ఏమీ ఉండదు. తెల్లగా, గుండ్రంగా, చిన్నగా ఉన్న బిళ్ళ బీపీకి వాడే ఆమ్లోడిపిన్ కావచ్చు, థైరాయిడ్‌ది కావచ్చు, జలుబుకి వేసుకునే సెట్రిజిన్ కావచ్చు, నిద్రకి ఇచ్చే అల్‌ప్రజోలామ్ కూడా కావచ్చు. అందుకే ముందే ఒక మాట గట్టిగా చెప్తున్నాను. బిళ్ళ రూపం "ఇది ఫలానాది కాదు" అని తేల్చడానికి బాగా పనికొస్తుంది, "ఇది ఫలానాదే" అని తేల్చడానికి పనికిరాదు. పేరు ఖాయం చేసేది స్ట్రిప్పు, బిల్లు, లేదంటే అదే మందు ఉన్న ఇంకో స్ట్రిప్‌లోంచి ఒక బిళ్ళ తీసి పక్కపక్కన పెట్టి చూడటం. అలా ఖాయం కాని బిళ్ళ ఎవరి నోట్లోకీ వెళ్ళకూడదు.

ఎవరైనా మింగేసి ఉంటే

అలాంటి అనుమానం ఉంటే మిగతాది చదవొద్దు, ఆసుపత్రికి బయల్దేరండి. 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. ఢిల్లీ ఎయిమ్స్‌లో జాతీయ విష సమాచార కేంద్రం ఉంది, రాత్రీపగలూ పనిచేస్తుంది, టోల్ ఫ్రీ నంబరు 1800 116 117, దారిలో వెళ్తూనే మాట్లాడొచ్చు. చెన్నైలో పిల్లలకైతే ఎగ్మూరు ప్రభుత్వ పిల్లల ఆసుపత్రి, పెద్దవాళ్ళకైతే సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి గుర్తుపెట్టుకోండి, కానీ మీకు దగ్గర్లో ఎమర్జెన్సీ ఉన్న ఆసుపత్రి వేరే ఉంటే ట్రాఫిక్‌లో ఇరుక్కోకుండా అక్కడికే వెళ్ళండి.

వాంతి చేయించొద్దు. గొంతులో వేళ్ళు పెట్టడం, ఉప్పు నీళ్ళు తాగించడం, ఇవేవీ వద్దు. మగతగా ఉన్నవాళ్ళ నోట్లో ఏమీ పోయొద్దు.

చిన్నపిల్లల విషయంలో "బాగానే ఆడుకుంటున్నాడు కదా, చూద్దాంలే" అనే మాట నాకు చాలా భయం. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి షుగర్ బిళ్ళలు ఒక్కటి మింగినా పసిపిల్లల రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు, అదీ కొన్ని గంటలు ఆలస్యంగా. అందుకే డాక్టర్లు పిల్లాణ్ణి చాలాసేపు, ఒక్కోసారి రోజంతా దగ్గర పెట్టుకుని చూస్తారు. బీపీ, గుండె మందుల్లో కొన్ని కూడా అంతే. ఐరన్ బిళ్ళలైతే ఇంకా మోసం చేస్తాయి, మొదట వాంతులై, తర్వాత తేరుకున్నట్టు కనిపించి, ఆ తర్వాత పరిస్థితి విషమిస్తుంది.

వెళ్ళేటప్పుడు మిగిలిన బిళ్ళలు, ఖాళీ స్ట్రిప్పులు, ఇంట్లో ఉన్న మందుల డబ్బా మొత్తం సంచిలో వేసుకుని వెళ్ళండి. ఎన్ని మింగారో తెలియకపోతే స్ట్రిప్‌లో ఎన్ని తగ్గాయో లెక్కపెట్టి, ఎక్కువలో ఎక్కువ ఎన్ని పోయి ఉండొచ్చో ఆ అంకె చెప్పండి. మింగిన సమయం సుమారుగా, పిల్లాడి బరువు, ఇవి కూడా అడుగుతారు.

మొదటి పని: ఫొటో

ఎవరూ మింగలేదు, తీరిగ్గా చూసే వీలుంది అనుకుందాం. బిళ్ళను పొడి చేత్తో తీసి తెల్ల కాగితం మీద పెట్టండి. బిళ్ళే తెల్లగా ఉంటే ముదురు రంగు కాగితం మీద. పక్కన పిల్లల స్కేలు పెట్టి పైవైపు ఒకటి, తిప్పి కిందివైపు ఒకటి, నిలబెట్టి మందం కనిపించేలా ఒకటి, మూడు ఫొటోలు తీయండి. ట్యూబ్‌లైట్ కింద లేత పసుపు తెలుపులాగే కనిపించొచ్చు కాబట్టి పగటి వెలుతురులో కిటికీ దగ్గర తీస్తే మంచిది. బిళ్ళ మీద నొక్కిన అక్షరాలు సరిగ్గా కనపడకపోతే ఫోన్ టార్చ్‌ని పక్క నుంచి ఏటవాలుగా పట్టండి, గుంటల్లో నీడ పడి అక్షరం తేలుతుంది.

రుచి చూడొద్దు. కొరకొద్దు. లోపలేముందో చూద్దామని గొట్టం బిళ్ళ (క్యాప్సూల్) విప్పొద్దు. కొన్ని మందుల పొడి చర్మానికి తగిలినా మంచిది కాదు, ముఖ్యంగా కేన్సర్ మందులు. ఇంట్లో కేన్సర్‌కి చికిత్స తీసుకుంటున్నవాళ్ళు గానీ గర్భిణి గానీ ఉంటే ఆ విడి బిళ్ళను చేతికి గ్లవుజులైనా, చిన్న ప్లాస్టిక్ కవరైనా వేసుకుని పట్టుకోండి.

రెండో పని: ఇది ఎవరి బిళ్ళ అయ్యుంటుంది?

నెట్‌లో వెతకడానికి ముందు ఇల్లు వెతకండి. ప్రపంచంలో ఉన్న మందులు లెక్కలేనన్ని, మీ ఇంట్లోకి వచ్చిన మందులు మాత్రం మహా అయితే పది పదిహేను. ఆ సోఫా సందులో దొరికింది ఆ పది పదిహేనులో ఒకటయ్యే అవకాశమే ఎక్కువ.

ఇంట్లో ఎవరెవరు ఏమేం వాడుతున్నారో కాగితం మీద రాయండి. గత ఆరు నెలల్లో ఆపేసినవి కూడా రాయాలి, చాలామంది ఇదే వదిలేస్తారు. ఊరి నుంచి వచ్చి వారం ఉండి వెళ్ళిన అత్తయ్య, పనిమనిషి, పక్కింటి తాతయ్య, వీళ్ళ మందులు కూడా మీ ఇంట్లో జారిపడి ఉండొచ్చు. తర్వాత బిల్లులు తీయండి. షాపు బిల్లులో మందు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి, ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్ళకైతే పాత ఆర్డర్లన్నీ యాప్‌లోనే ఉంటాయి. ఆసుపత్రి డిశ్చార్జి కాగితాలు, డాక్టర్ చీటీల వాట్సాప్ ఫొటోలు, అన్నీ చూడండి. చెన్నైలో చూపించుకుని నెల్లూరులో మందులు కొనుక్కునేవాళ్ళకు ఇక్కడే ఒక తిరకాసు ఉంది: చీటీలో రాసిన బ్రాండ్ అక్కడ దొరకదు, అదే మందు ఇంకో కంపెనీది ఇస్తారు, రంగూ ఆకారం మారిపోతాయి. కాబట్టి చీటీ కాదు, బిల్లే నమ్మకం.

ప్రభుత్వ సరఫరా మందులు కూడా జాబితాలో చేర్చండి. తమిళనాడులో ప్రభుత్వ ఆసుపత్రులకు మందులు కొని పంపేది 1994లో పెట్టిన తమిళనాడు మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్. 2021లో మొదలైన మక్కళై తేడి మరుత్తువం పథకం కింద బీపీ, షుగర్ మందులు ఇంటికే వస్తాయి. ఈ స్ట్రిప్పుల మీద మనకు అలవాటైన బ్రాండ్ పేరు కాకుండా మందు అసలు పేరు ఉంటుంది. జన్ ఔషధి దుకాణాలదీ అంతే. అందుకే పెద్దవాళ్ళు ఇంట్లో ఉన్న కంపెనీ బిళ్ళా, ప్రభుత్వ బిళ్ళా వేరు వేరు మందులనుకుని రెండూ వేసుకుంటారు. ఆమ్లోడిపిన్ రెండింతలు పడి కళ్ళు తిరిగి కూర్చున్నవాళ్ళున్నారు. గుర్తుపట్టే పనిలో ఉండగానే ఇలాంటి జంటలు బయటపడతాయి, అప్పుడే డాక్టర్‌కి చెప్పండి.

మూడో పని: రకం, సైజు

మామూలు బిళ్ళా, పైన పూత ఉన్న బిళ్ళా, గొట్టం బిళ్ళా, మెత్తటి నూనె గొట్టమా? ఈ ఒక్క ప్రశ్నతోనే జాబితాలో సగం కొట్టేయొచ్చు. గ్యాస్‌కి ఇచ్చే పాన్ 40 బిళ్ళ, దానికి వాంతులు తగ్గించే డోంపెరిడోన్ కలిపిన పాన్-డి గొట్టం. ఎకోస్ప్రిన్ 75 బిళ్ళ, అదే ఆస్పిరిన్‌కి కొలెస్టరాల్ మందు కలిపిన ఎకోస్ప్రిన్-ఏవీ గొట్టం. విటమిన్ ఇ ఉండే ఎవియాన్ 400 ఆకుపచ్చ మెత్తటి గొట్టం. పారదర్శకమైన గొట్టంలో చిన్న చిన్న గుండ్లు కనిపిస్తే అది నెమ్మదిగా గానీ, పొట్ట దాటాక గానీ విడుదలయ్యేలా చేసిన మందు అయ్యే అవకాశం ఎక్కువ. బిళ్ళ రెండు రంగుల పొరలుగా ఉంటే సాధారణంగా రెండు మందులు కలిపింది, మెట్‌ఫార్మిన్‌తో గ్లిమిపిరైడ్ కలిపిన షుగర్ బిళ్ళలు చాలా ఇలాగే వస్తాయి.

సైజు దగ్గర కాస్త ఆగండి. మెట్‌ఫార్మిన్ 500 అంటే బిళ్ళలో మందే అర గ్రాము. దాన్ని ఐదారు మిల్లీమీటర్ల బిళ్ళలో ఇమడ్చలేరు. పారాసిటమాల్ 650, కాల్షియం 500 కూడా అంతే, అవి పెద్దవిగా ఉండి తీరాలి. కాబట్టి మీ చేతిలో ఉన్నది శనగ బద్దంత ఉంటే ఈ మూడింటినీ ధైర్యంగా కొట్టేయండి. తిరగేసి మాత్రం చెప్పలేం. చిన్నగా ఉంది కాబట్టి తక్కువ పవర్ అనుకోవడం ప్రమాదం. థైరాయిడ్ మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, బిళ్ళలో దాదాపు అంతా పిండే. గుండెకిచ్చే డిగాక్సిన్ కూడా అలాంటిదే, చాలా చిన్న బిళ్ళ, మోతాదు తప్పితే ప్రాణం మీదికి వస్తుంది.

మధ్యలో గీత ఉంటే సాధారణంగా విరగ్గొట్టడానికి వీలుగా చేసిందని అర్థం, అంతకు మించి దాన్నించి ఏమీ తెలియదు. కొన్ని నెమ్మదిగా పనిచేసే బిళ్ళల్లో ఒక పక్క సూది మొనంత రంధ్రం ఉంటుంది, అది పాడైన బిళ్ళ కాదు, మందు ఆ రంధ్రంలోంచే కొద్దికొద్దిగా బయటికి వచ్చేలా చేశారు. ఆకారం చూస్తేనే పేరు తట్టే బిళ్ళలు తక్కువ, బిసోప్రొలాల్ అనే బీపీ, గుండె మందు ఉండే కాంకర్ అలాంటిది, గుండె ఆకారంలో ఉంటుంది.

నాలుగో పని: రంగు, వాసన

రంగు రెండు రకాలు. ఒకటి కంపెనీ వేసిన రంగు, రెండోది మందుకే ఉన్న రంగు. విరిగిన బిళ్ళలో లోపల తెల్లగా, పైన గులాబీగా ఉంటే అది పూత రంగు, దాన్నిబట్టి మందు పేరు చెప్పలేం, ఇంకో కంపెనీ అదే మందుకి పసుపు పూత వేస్తుంది. లోపల కూడా రంగుంటే కొంచెం ఆధారం దొరికినట్టే, అయితే కొన్ని కంపెనీలు పిండిలోనే రంగు కలుపుతాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్ ఇటుక ఎరుపు. బి12 విటమిన్ రకమైన మిథైల్‌కోబాలమిన్ ఎరుపు. బి2 విటమిన్ పసుపు. ప్రభుత్వం ఇచ్చే ఐరన్ బిళ్ళలు వయసును బట్టి రంగు మారతాయి, 5 నుంచి 9 ఏళ్ళ పిల్లలకు గులాబీ, బడికెళ్ళే పెద్ద పిల్లలకు నీలం, గర్భిణులకు ఎరుపు.

పసుపు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ ఇస్తారు, దానితో పాటు ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తారు. రెండూ సహజంగానే పసుపు, చిన్న గుండ్రటి బిళ్ళలుగా వస్తాయి, ఒకే ఇంట్లో, ఒకే డబ్బాలో ఉంటాయి. ఈ జబ్బుకి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని రక్తకణాలు పడిపోతాయి, నోరంతా పుండ్లు పడతాయి, ప్రాణాలే పోయిన సందర్భాలు వైద్యలోకంలో నమోదై ఉన్నాయి. ఆ మందు వాడే మనిషి ఉన్న ఇంట్లో విడిగా ఒక చిన్న పసుపు బిళ్ళ దొరికితే "ఫోలిక్‌దేలే" అని వేసుకోవద్దు, వేయొద్దు. పక్కన పెట్టి కొత్త స్ట్రిప్ తెచ్చుకోండి, ఫోలిక్ యాసిడ్ ఖరీదు ఏమంత కాదు.

వాసన కోసం ముక్కు దగ్గర పెట్టుకోనక్కర్లేదు. కానీ కవరు తెరవగానే కొన్ని తెలిసిపోతాయి. మెట్‌ఫార్మిన్‌కి కొంచెం చేపల వాసన ఉంటుంది, బి కాంప్లెక్స్ వాసన అందరికీ తెలిసిందే. ఆస్పిరిన్ తేమ పీల్చుకుని పాడైతే వెనిగర్ వాసన వస్తుంది. చెన్నై గాలిలో ఉప్పదనం, తేమ రెండూ ఎక్కువ, స్ట్రిప్‌లోంచి తీసి ఉంచిన బిళ్ళ ఇక్కడ త్వరగా రంగు మారుతుంది, మచ్చలు పడుతుంది, ఉబ్బుతుంది. బీపీకి వాడే టెల్మిసార్టన్ అయితే తేమకు అసలు ఆగదు, అందుకే దాన్ని రెండు వైపులా అల్యూమినియం ఉండే మందపాటి స్ట్రిప్‌లో ఇస్తారు. అంటే ఎన్నాళ్ళుగానో బయట పడి ఉన్న బిళ్ళ రూపాన్ని స్ట్రిప్‌లోని కొత్త బిళ్ళతో పోల్చినా సరిపోలకపోవచ్చు, సరిపోలినా అది వాడటానికి పనికిరాదు.

ఐదో పని: బిళ్ళ మీద అక్షరాలు

ఉంటే ఉన్నదున్నట్టు రాసుకోండి. తలకిందులుగా కూడా చదవండి, 6కి 9కి తేడా అక్కడే పోతుంది. ఒకవైపు అక్షరాలు, ఇంకోవైపు అంకెలు ఉంటే రెండూ విడివిడిగా రాయండి.

అమెరికా నుంచి వచ్చిన డబ్బాలో బిళ్ళలైతే ఇక్కడ పని సులువవుతుంది. ఆ దేశంలో 1993లో వచ్చిన నిబంధన ప్రకారం బిళ్ళల మీద, గొట్టాల మీద కోడ్ ఉండాలి, ఆ కోడ్‌తో పాటు ఆకారం, రంగు కలిపి చూస్తే ఏ కంపెనీ, ఏ మందు, ఎంత మోతాదో తెలుస్తుంది. పిల్ ఐడెంటిఫయర్ అని వెతికితే వచ్చే సైట్లలో కోడ్, ఆకారం, రంగు నింపితే పేరు వస్తుంది. ఉదాహరణకు తెల్లటి పొడుగు బిళ్ళ మీద ఎల్ 484 అని ఉంటే అది 500 మిల్లీగ్రాముల అసిటమినోఫెన్. వచ్చిన పేరును డైలీమెడ్ అనే అమెరికా ప్రభుత్వ సైట్లో మళ్ళీ వెతికి అక్కడి వివరణతో సరిచూసుకోండి. అక్కడి జాతీయ వైద్య గ్రంథాలయం నడిపిన పిల్‌బాక్స్ సైటును 2021లో ఆపేశారు, పాత వీడియోలు చూసి దానికోసం వెతకొద్దు.

పేరు తెలిసాక ఇంకో అడుగు ఉంది. అసిటమినోఫెన్ అంటే మన పారాసిటమాలే. అమ్మ ఒకపక్క ఆ మందే ఉన్న అమెరికా బ్రాండ్ టైలినాల్, ఇంకోపక్క మన డోలో వేసుకుంటుంటే ఒకే మందు రెండింతలు పడుతోంది, లివర్ మీద పడుతుంది. అక్కడి గ్లైబురైడ్ ఇక్కడి గ్లిబెన్‌క్లమైడ్, అక్కడి అల్బ్యుటరాల్ ఇక్కడి సాల్‌బ్యుటమాల్. దొరికిన పేరుకి మన దగ్గర వాడే పేరేమిటో ఫార్మసిస్టును అడగండి.

ఇదే సైట్లలో మన దేశపు బిళ్ళ వెతకడం మాత్రం వద్దు. "తెలుపు, గుండ్రం" అని కొడితే పుట్టెడు ఫలితాలొస్తాయి, వాటిలో మీది ఉండకపోవచ్చు, ఉన్నట్టు అనిపించడమే అసలు ప్రమాదం. ఫొటో పెట్టి వెతికే యాప్‌లూ, ఫొటో పంపితే జవాబు చెప్పే చాట్‌బాట్‌లూ కూడా ఇక్కడ నమ్మదగ్గవి కావు. గుర్తు లేని తెల్ల బిళ్ళకి అవి చెప్పే పేరు ఊహే, అది ఎంత నమ్మకంగా చెప్పినా.

ఆరో పని: స్ట్రిప్ ముక్క చదవడం

పూర్తిగా విడి బిళ్ళ కాకుండా కత్తిరించిన ముక్కలో ఒకటో రెండో మిగిలి ఉంటే మీ అదృష్టం. షాపులో రెండు మూడు బిళ్ళలే కావాలంటే కత్తెరతో కోసి ఇస్తాం కదా, అప్పుడు పేరు ఒక ముక్కలో, గడువు తేదీ ఇంకో ముక్కలో పోతాయి. అయినా చాలా ఆధారాలు మిగులుతాయి. చాలా స్ట్రిప్పుల మీద పేరు మళ్ళీ మళ్ళీ అచ్చు వేస్తారు, సగం అక్షరాలు దొరికినా ఇంట్లో తయారుచేసిన జాబితాతో కలిపితే అర్థమవుతుంది.

పేరు పక్కన వచ్చే అంకెనూ అక్షరాన్నీ పేరంత జాగ్రత్తగా చూడండి. టెల్మా 40లో టెల్మిసార్టన్ ఒక్కటే. టెల్మా-ఏఎంలో దానికి ఆమ్లోడిపిన్ కలుస్తుంది. టెల్మా-హెచ్‌లో మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు కలుస్తుంది. ఎకోస్ప్రిన్ గోల్డ్ అంటే ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్, క్లోపిడోగ్రెల్ మూడూ. "టెల్మానే కదా" అంటే సరిపోదు, తోక మారితే మందు మారినట్టే. ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్, సీఆర్ అని ఉంటే నెమ్మదిగా విడుదలయ్యేవి, నూరకూడదు. డీటీ అంటే నీళ్ళలో కరిగించేది, ఎండీ అంటే నోట్లో కరిగిపోయేది.

ఎడమ అంచున నిలువు ఎర్ర గీత ఉంటే డాక్టర్ చీటీ మీదే అమ్మాల్సిన మందు. ఎర్ర గీతల పెట్టెలో హెచ్1 హెచ్చరిక ఉంటే 2014 మార్చి నుంచి ప్రత్యేకంగా రిజిస్టర్‌లో రాసి అమ్మాల్సిన వర్గంలోది: కొన్ని గట్టి యాంటీబయాటిక్‌లు, టీబీ మందులు, అలవాటు పడిపోయే మందులు. ఎన్‌ఆర్‌ఎక్స్ అని ఎర్రగా ఉంటే మత్తు చట్టం కిందికి వచ్చేది, నిద్రకి, ఆందోళనకి ఇచ్చేవి చాలా ఇందులో ఉంటాయి. పేరు చిరిగిపోయి ఈ గుర్తొక్కటే మిగిలినా ఆ ముక్కను పిల్లలకు అందకుండా పెట్టండి.

క్యూఆర్ కోడ్ ఉందేమో కూడా చూడండి. ఎక్కువ అమ్ముడయ్యే 300 బ్రాండ్లకు 2023 ఆగస్టు 1 తర్వాత తయారైన సరుకు మీద అది తప్పనిసరి. ఫోన్‌తో స్కాన్ చేస్తే మందు అసలు పేరు, బ్రాండ్, కంపెనీ, బ్యాచ్, తయారీ తేదీ, గడువు వస్తాయి. స్ట్రిప్ మీద చోటు చాలకపోతే బయటి పెట్టె మీద ఉంటుంది, అందుకే ఖాళీ పెట్టెలు వెంటనే పారేయొద్దంటాను.

ఏడో పని: షాపుకి తీసుకెళ్ళడం

బిళ్ళ చిన్న జిప్ కవర్లో, ఫొటోలు ఫోన్లో, మీరు రాసిన జాబితా చేతిలో. సాయంత్రం ఏడు గంటల రద్దీలో కాకుండా మధ్యాహ్నం రండి, మాకు చూసే తీరిక ఉంటుంది. మీరు మామూలుగా మందులు కొనే షాపుకే వెళ్ళండి, మీకు ఏ కంపెనీది ఇచ్చారో అక్కడి కంప్యూటర్‌లోనే ఉంటుంది. కౌంటర్‌లో ఉన్న కుర్రాణ్ణి కాదు, గోడమీద సర్టిఫికెట్ ఉన్న ఫార్మసిస్టును అడగండి.

"ఇది ఏం బిళ్ళ?" అని కాకుండా "మా ఇంట్లో వాడేవి ఇవి, ఇది వీటిలో ఏదైనా అయ్యుంటుందా, ఆ స్ట్రిప్ తీసి పక్కన పెట్టి చూపిస్తారా?" అని అడగండి. అప్పుడు మేం స్ట్రిప్ తీస్తాం, సైజు, అంచు, గీత, మందం, అక్షరం అన్నీ ఒక్కొక్కటే కలుస్తున్నాయా చూస్తాం. అన్నీ కలిస్తేనే పేరు చెప్తాం. ఒక్కటి తేడా ఉన్నా కాదనే అంటాం. స్ట్రిప్ ముట్టుకోకుండా దూరం నుంచి చూసి పేరు చెప్పేస్తే ఆ మాట నమ్మకండి.

వీధిలో క్లినిక్ పెట్టుకుని డాక్టరే విడి బిళ్ళలు చిన్న కాగితం కవర్లో వేసి ఇచ్చిన సందర్భమైతే మేం చెప్పలేం. ఆ కవరు తీసుకుని ఆ క్లినిక్‌కే వెళ్ళి ప్రతి బిళ్ళ పేరూ కవరు మీద రాయించుకోండి. 1-0-1 అని రాసిన కవర్లో మందు పేరు లేకపోతే అడగడం మీ హక్కు. తమిళంలో రాస్తే చదవలేని పెద్దవాళ్ళకు తెలుగులో మీరే రాసిపెట్టండి.

తేలకపోతే

పారేయండి. ఒక బిళ్ళ పోయిందని బాధపడొద్దు. ఈ పూట మోతాదు వేసుకున్నారో లేదో తెలియక, దొరికిన ఈ బిళ్ళ అదేనేమో అని టెన్షన్ పడుతుంటే డాక్టర్‌కో ఫార్మసిస్ట్‌కో ఫోన్ చేసి అడగండి, సొంతంగా ఇంకోటి వేయొద్దు. షుగర్ బిళ్ళ, రక్తం పలచన చేసే మందు విషయంలో ఇది మరీ ముఖ్యం, ఒకటి తప్పడం కంటే రెండు పడటమే ఎక్కువసార్లు ముంచుతుంది.

పారేసేటప్పుడు ఫిల్టర్ కాఫీ డికాక్షన్ తీశాక మిగిలే తడి పొడిలో కలిపి, కవర్లో కట్టి, కవరును ఇంటి ప్రమాదకర చెత్తగా విడిగా ఇవ్వండి. గడువు దాటిన మందులను ఘన వ్యర్థాల నియమాలు విడిగా ఇవ్వాల్సిన చెత్తలోనే చేర్చాయి. విడిగా చెత్తబుట్టలో వేస్తే కుక్కో పిల్లో నోట పెడుతుంది, చెత్త ఏరుకునే పిల్లల చేతిలో కూడా పడొచ్చు.

మళ్ళీ ఇలా కాకుండా

స్ట్రిప్‌లో పేరూ గడువూ ఉన్న చివరను ఆఖరు దాకా వదిలేసి, రెండో చివర నుంచి బిళ్ళలు తీయండి. షాపులో కోసి ఇస్తుంటే పేరున్న ముక్క ఇమ్మని అడగండి, కుదరకపోతే కవరు మీద పేరు, గడువు రాయించుకోండి, మేం రాస్తాం. వారం డబ్బాల్లో సర్దేవాళ్ళు ఒక అట్ట మీద ఒక్కో బిళ్ళ పక్కన దాని స్ట్రిప్ ముక్క పెట్టి ఫొటో తీసి, ప్రింటు డబ్బా మూతకు అంటించండి. కంపెనీ మారిన ప్రతిసారీ కొత్త ఫొటో. టెల్మిసార్టన్ లాంటివి అసలు విప్పకుండా, స్ట్రిప్‌నే గళ్ళ వారీగా కోసి వారం డబ్బాలో పెట్టుకోవచ్చు.

థైరోనార్మ్, ఎల్ట్రాక్సిన్ లాంటివి సీసాలో విడిగానే వస్తాయి కాబట్టి వాటికి ఇంకొంచెం జాగ్రత్త కావాలి. పాత సీసాలో మిగిలినవి కొత్త సీసాలో కలపొద్దు. డాక్టర్ 50 నుంచి 75కి మార్చినప్పుడు పాత సీసా ఇంట్లోంచి తీసేయండి. వారంలో కొన్ని రోజులు ఒక మోతాదు, మిగతా రోజులు ఇంకో మోతాదు రాసినవాళ్ళు రెండు సీసాల మూతల మీద స్కెచ్ పెన్‌తో వారాల పేర్లు పెద్దగా రాసుకోండి, సీసాలోంచి తీసిన బిళ్ళ మళ్ళీ సీసాలో వేయాల్సి వస్తే ఏ సీసాలోంచి తీశారో తెలియనప్పుడు అది వేయకుండా పక్కన పెట్టేయండి.